మంగళవారం హాజరు

అమ్జద్ ఆధార్ కార్డులోని ఫొటోను కంప్యూటర్ తెర మీద పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. తెరంతా బూడిద రంగు ముఖం నిండిపోయింది. కళ్ళు రెండూ గుడ్లప్పగించి ముందుకు చూస్తున్నాయి, పెదాలు బిగుసుకుని ఉన్నాయి, ఒక చెవి ఉంది, రెండోది లేదు.

"ఈమె మా ఆవిడ కాదు," అన్నాడు పుల్లారావు.

"కార్డు ఆమెదే గదా బాబాయ్? కోటేశ్వరమ్మ, భర్త పుల్లారావు అని రాసుంది."

"రాసుంది. కాదని నేననట్లా. ఇట్టా ఉండదు అంటన్నా."

"ఆధార్‌లో ఎవురూ వాళ్ళ మాదిరి ఉండరు బాబాయ్. మా అమ్మీని చూస్తే జైలు నుంచి వచ్చినట్టుంటది," అన్నాడు అమ్జద్. నరసరావుపేటలో బస్టాండుకి రెండు సందుల అవతల ఉంది అతని షాపు. ఒక పక్క ఫ్లెక్సీ మిషన్ గరగరమంటూ ఎవరిదో ఓణీల ఫంక్షన్ బేనర్ కక్కుతోంది, ఇంకో పక్క గోడకి ఫొటో ఫ్రేములు వేలాడుతున్నాయి. కొన్నిట్లో మనుషులున్నారు, కొన్ని ఖాళీగా ఉన్నాయి. "ఇంకేమన్నా ఫొటోలున్నాయా? మీ పెళ్ళిది?"

"ఫొటోలాయన తీశాడు గానీ రీలు పాడైందన్నాడు."

పుల్లారావు ఎరువుల సంచీలోంచి కూతురి పెళ్ళి ఆల్బం తీసి బల్ల మీద పెట్టాడు. అమ్జద్ ఒక్కో అట్ట తిప్పాడు. ఒక దాంట్లో కోటేశ్వరమ్మ వంగి అక్షింతల పళ్ళెం అందిస్తోంది, నడినెత్తి కనబడుతోంది. ఇంకో దాంట్లో వియ్యపురాలి భుజం వెనక సగం ముఖం. ఇంకో దాంట్లో సరిగ్గా ఎదురుగా నిలబడింది కానీ కళ్ళు మూసుకుంది. చివర్లో అందరూ వరసగా నిలబడి దిగిన ఫొటో ఉంది. అందులో ఆమె లేదు. ఆ టైములో వంటవాళ్ళు మిగిలిన పప్పు పారబోస్తున్నారని కేక వినబడి అటు పరిగెత్తిందని పుల్లారావుకి గుర్తుంది.

"పోనీ ఏఐలో చేద్దాం," అన్నాడు అమ్జద్. అరనిమిషంలో తెర మీదికి ఒక మనిషి వచ్చింది. తెల్లటి ఒళ్ళు, పట్టు చీర, మెడనిండా నగలు, పలువరస కనబడేలా నవ్వు.

పుల్లారావు ఆమెను మర్యాదగా చూశాడు. "బాగుంది. ఎవరి తాలూకు?" అని అడిగాడు.

అమ్జద్ నవ్వబోయి మానేశాడు. ఈ మనిషి హాస్యమాడటం లేదని అతనికి అర్థమైంది. "పెద్దకర్మ ఎప్పుడు బాబాయ్?"

"బేస్తవారం."

"ఇవాళ శనివారం. ముందు రోజు ఇచ్చినా ఫ్రేం కట్టిస్తా. ఇల్లంతా ఎతుకు. యాడో ఒక చోట ఉండకుండా ఉండదు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని పుల్లారావు కళ్ళు మూసుకున్నాడు. భార్య ముఖం తెచ్చుకుందామనుకున్నాడు. ఇందాకటి బూడిద రంగు ముఖం వచ్చింది. తల విదిలించి మళ్ళీ మూసుకున్నాడు. మళ్ళీ అదే వచ్చింది. ముప్ఫై ఏళ్ళు పక్కన తిరిగిన మనిషి. సోమవారం సాయంత్రం వాకిట్లో కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. ఆటో వచ్చేలోపే అయిపోయింది, గుండె అన్నారు. ఐదు రోజులైనా కాలేదు, ఆమె ముఖం అతనికి రావడం లేదు. అందుకే భయమేసింది. ఏడుపు మాత్రం రాలేదు. కాష్ఠం దగ్గరా రాలేదు, చిన్నకర్మ నాడూ రాలేదు. ఏడవరా, ఏడిస్తే పోయిద్ది అని నలుగురూ చెప్పారు. అతను సరేనని తల ఊపాడు.

రొంపిచెర్ల దాటి ఊళ్ళో దిగేసరికి మధ్యాహ్నం రెండైంది. వడగాలి మొహాన కొడుతోంది. ఇంట్లో కూతురు లహరి బీరువా మొత్తం నేల మీద పరిచి కూర్చుంది. నూజెండ్ల నుంచి తల్లి చావుకొచ్చి పదకొండో రోజు దాకా ఉందామని ఆగింది. పాసు పుస్తకాలు, కరెంటు బిల్లులు, పురుగుమందుల షాపు చీటీలు, తన పదో తరగతి మార్కుల లిస్టు కూడా దొరికాయి. అమ్మ దొరకలేదు.

"డ్వాక్రా గ్రూపు ఫొటో ఉంది గదా?" అన్నాడు.

"చూశా. ముందు ప్రెసిడెంటు కూర్చుంది. అమ్మ జడ కనపడతంది." లహరికి కోపం వచ్చింది. "ఇంత బతుకు బతికి ఒక్క ఫొటో లేకపోతే ఏంది నాన్నా? మనుషులం కాదా మనం? ఫోన్ కొని నాలుగేళ్ళయింది. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తియ్యలేదా నువ్వు?"

"తీశానేమో చూడు," అని ఫోన్ ఇచ్చాడు.

గ్యాలరీలో నాలుగు వందల పైచిలుకు ఫొటోలున్నాయి. మిరప ఆకులు. ముడుచుకున్నవి, పసుపు తిరిగినవి, కింద నల్లగా తామర పురుగు పట్టినవి. పురుగుమందుల షాపతను ఆకు ఫొటో పంపితే గానీ మందు చెప్పడు. మధ్యలో మోటారు స్టార్టరు, బర్రె పుండు, ఎండిన బోరు. లహరి వేలితో తోస్తూ పోయి ఒక చోట ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ముందుకొచ్చింది.

"నాన్నా, ఈ చెయ్యి అమ్మది."

నిజమే. ప్రతి ఆకునూ రెండు వేళ్ళు పట్టుకుని ఉన్నాయి. గోటి చుట్టూ కారం పట్టి చీలిన బొటనవేలు, మణికట్టు మీద రెండు మట్టిగాజులు. గాలికి ఆకు ఊగితే ఫొటో చెదురుతుందని అతనే పట్టుకోమనేవాడు. నా చెయ్యి పడిద్దయ్యో అనేది ఆమె. పడనీ, ఆకు కనబడితే చాలు అనేవాడు. నాలుగు పంటకాలాలు అదే మాట అన్నాడు. ఒక్కసారి ఫోన్ ఒక జానెడు పైకెత్తితే సరిపోయేది. ఎత్తాలని తోచలేదు, అంతే. తోచకపోవడం ఏం తప్పో అతనికి తెలియదు కానీ తప్పేనని మాత్రం తెలుస్తోంది.

లహరి ఆ వేళ్ళను చూసి వెక్కివెక్కి ఏడ్చింది. పుల్లారావు పక్కన కూర్చుని కూతురి వీపు నిమిరాడు. చెయ్యి తనది కానట్టు తిరుగుతోంది. "నువ్వు ఏడవ్వేంది నాన్నా?" అంది ఆ పిల్ల. "నాకు నిన్ను చూస్తే భయమేస్తంది."

పక్కింటి సీతారావమ్మ సాయంత్రం కూర గిన్నె పట్టుకుని వచ్చింది. అరవై దాటిన మనిషి, కోటేశ్వరమ్మతో కలిసి ఉపాధి పనికి పోయేది. నేల మీద పరిచిన కాగితాలు చూసి సంగతి అడిగింది. లహరి చెప్పింది.

"ఓసి నీ తెలివి మండా! ఇల్లంతా తవ్వుతారేందే? ఆ హాజరేసే మేటు పిల్ల దీపిక రోజూ రెండుసార్లు తీసుద్ది గదా మా అందర్నీ. పొద్దున ఒకటి, పని అయినాక ఒకటి. గవర్నమెంటోళ్ళకి మా మొహాలు చూడందే ముద్ద దిగదు. మీ నాన్న కూడా ఉంటాడుగా దాంట్లో, నోరు లేదా చెప్పడానికి?"

పుల్లారావుకి ఆ మాట తట్టనే లేదు. పొలంలో పని లేని ఈ రెండు నెలలూ పొద్దున్నే తనూ ఆ ఫొటోలో నిలబడినవాడే. ఎవరన్నా తనని ఫొటో తీస్తున్నారని కాకుండా హాజరు వేస్తున్నారనే అనుకున్నాడు.

ఆదివారం పని ఉండదు. సోమవారం తెల్లారకముందే లేచి నడిచాడు. సాగర్ కాలువ నుంచి పొలాలకొచ్చే పిల్లకాలువలో పూడిక తీస్తున్నారు. ముప్ఫై మందిదాకా ఉన్నారు. మగవాళ్ళు పారలతో చెక్కుతుంటే ఆడవాళ్ళు తట్టలు నెత్తికెత్తుకుని గట్టు మీద పోసి వస్తున్నారు. అక్కడ మొగుడూ పెళ్ళాలదే జట్టు, ఆయన పార, ఆమె తట్ట. పోయిన సోమవారం తను చెక్కి వదిలేసిన చోట గుంట అలాగే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

అతన్ని చూసి ఒకామె తట్ట దించి పమిట సర్దుకుంది. కర్మ కాకుండా పనిలోకొచ్చాడేమోనని ముసలాయన ఒకడు నొసలు చిట్లించాడు. పుల్లారావు ఎవరివైపూ చూడకుండా దీపిక దగ్గరికి నడిచాడు. ఇరవై మూడేళ్ళ పిల్ల, డిగ్రీ చదివింది. చర్చి దగ్గర వీధిలో ఇల్లు. గొడుగు కింద నిలబడి రెండు ఫోన్లు చేతిలో పట్టుకుని పేర్లు పిలుస్తోంది.

"అమ్మాయ్, మా ఆవిడ ఫొటో నీ కాడ ఉందంట. దానికోసం వచ్చా."

దీపిక ముఖంలో నెత్తురు లేకుండా పోయింది. గొడుగు పక్కకి ఒరిగింది. "బాబాయ్, ఇక్కడ వద్దు," అంది చిన్నగా. తుమ్మచెట్ల వైపు నడిచింది. అతనూ వెనకాలే వెళ్ళాడు. చెట్ల కింద ఎండుటాకుల్లో తను తాగి పారేసిన బీడీ ముక్కలు కనిపించాయి.

"తప్పయిపోయింది బాబాయ్," అని ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. "కావాలని చెయ్యలా. మా అమ్మ మీద ఒట్టు. మీకు ఎవరు చెప్పారో గానీ..."

"నాకెవరూ ఏమీ చెప్పలేదు. ఏంది తప్పు?"

దీపిక ఏడుపు ఆపి అతని ముఖంలోకి చూసింది. ఇంక దాచి లాభం లేదనుకున్నట్టుంది, మొత్తం చెప్పేసింది. పోయిన మంగళవారం ముప్ఫై మందీ కోటేశ్వరమ్మ అంత్యక్రియలకు వచ్చారు. కాలువ దగ్గర ఎవరూ లేరు. యాప్‌లో ఫొటో పెట్టకపోతే అందరికీ ఆ రోజు కూలి పోతుంది. పెట్టెయ్యవే, చావుకొచ్చాం గానీ పెళ్ళికి రాలేదు గదా, అని నలుగురూ అన్నారు. యాప్ పని చోటే తెరుచుకుంటుందని దీపిక కాష్ఠం దగ్గర్నుంచి తిన్నగా కాలువ కట్టకి పోయి, ఒక ఫోన్‌లో సోమవారం ఫొటో పెట్టుకుని, రెండో ఫోన్‌తో దాన్ని ఫొటో తీసి ఎక్కించేసింది. తర్వాత పేర్లు వరసగా టిక్ పెట్టుకుంటూ పోయింది. చేతికి అలవాటైన పని. ఒక పేరు దగ్గర ఆగాలని గుర్తు రాలేదు.

"అంటే?"

"పిన్నికి మంగళవారం హాజరు పడింది బాబాయ్. మీక్కూడా పడింది."

పుల్లారావు లెక్క వేసుకున్నాడు. మంగళవారం పదకొండు గంటలకు తను కుండ పట్టుకుని కాష్ఠం చుట్టూ తిరిగాడు. ఆ టైముకి గవర్నమెంటు లెక్కలో ఇద్దరూ ఇక్కడే ఉన్నారు, తను చెక్కుతుంటే ఆమె మోస్తోంది. కోపం తెచ్చుకోవాలేమోనని చూశాడు. రాలేదు. ఏడుపు ఎక్కడికి పోయిందో కోపమూ అక్కడికే పోయినట్టుంది.

"వచ్చే నెల ఆడిట్ వాళ్ళు వస్తారు," అంది దీపిక. "చనిపోయిన వాళ్ళ పేర్లు పట్టుకుని వాళ్ళ తేదీలతో హాజరు మస్టర్లు సరిచూస్తారు. మీరు డెత్ సర్టిఫికెట్‌కి సోమవారం అని ఇస్తే, మంగళవారం పనికెట్టా వచ్చిందని అడుగుతారు. నా పని పోయిద్ది, అది సరే, నాది తప్పే. గ్రూపు మొత్తానికి పని ఆపేస్తారు బాబాయ్."

"ఫొటోలు చూపియ్యి," అన్నాడు.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని ఫోన్ ఇచ్చింది. సిగ్నల్ లేని రోజుల కోసం అన్నీ ఈ ఫోన్‌లో కూడా దాచుకుందట. పుల్లారావు కండువాకి చేతులు తుడుచుకుని పట్టుకున్నాడు.

ఏప్రిల్ మొదటి వారం నుంచి ఉన్నాయి. రెండు వరసల్లో మనుషులు, చేతుల్లో పారలూ తట్టలూ, ఎండకి కళ్ళు చికిలించి అందరూ ఎదురుగా చూస్తున్నారు. ముందు వరసలో ఎడమ నుంచి రెండో మనిషి కోటేశ్వరమ్మ, పక్కన సీతారావమ్మ. ఒళ్ళంతా అందరిలాగే నిటారుగా ఉంది. తల మాత్రం పక్కకి తిరిగి ఉంది, నోరు తెరిచి ఉంది. తర్వాతి ఫొటో. అందులోనూ అంతే. ఇంకోటి. ఇంకోటి. కొన్నిట్లో చెయ్యి కూడా పైకి లేచి ఉంది. ఇరవై దాకా చూశాడు. అందరూ కెమెరా వైపు, ఆమె ఒక్కతీ కుడి వైపు. ఆ కుడి వైపు చివరన అతని భుజమో మోకాలో పడి ఉంది, కొన్నిట్లో అది కూడా లేదు.

"ఒక్కదాంట్లో కూడా తిన్నగా నిలబడలేదేంది ఈమె?"

దీపిక వింతగా చూసింది. "మీ కోసమే గదా బాబాయ్. ఫొటో టయానికి మీరు ఎప్పుడూ ఈ చెట్ల కాడే ఉంటారు. ఫొటోలో పడకపోతే మీ హాజరు పోయిద్దని పిన్ని కేకలేసేది. నేను ఎన్నోసార్లు చెప్పా, పిన్నీ ఇటు చూడు, ఒక్క నిమిషం ఇటు చూడు అని."

"ఏమని కేకేసేది?"

అతనికి తెలుసు. రోజూ విన్నదే. ఎందుకే ఆ అరుపులు, వస్తన్నా గదా అని రోజూ విసుక్కున్నదే. అయినా అడిగాడు.

"రావయ్యో, ఫొటో అయిపోతంది, అని."

"ఇంకోసారి అను."

దీపిక తటపటాయించింది. తర్వాత ఇంకొంచెం గట్టిగా అంది. కాలువలో ఎవరో పార ఆపి ఇటు చూశారు. పుల్లారావు తల వంచుకుని విన్నాడు. ఈ పిల్ల గొంతు సన్నం, ఆమెది బొంగురు. పొద్దున్నే ఆ బొంగురు గొంతు కాలువ పొడుగునా పాకి చెట్ల దాకా వచ్చేది. రెండు పీల్పులు మిగిలిన బీడీ పారెయ్యాలని అతనికి మనసొప్పేది కాదు. ఎంతలే, రెండు పీల్పులు, అనుకునేవాడు. రెండు నెలలూ అలాగే అనుకున్నాడు.

చివరిది సోమవారం పొద్దుటిది. అందులో పుల్లారావు పూర్తిగా ఉన్నాడు, ఆఖరు మనిషిగా, తలకి కండువా చుట్టుకుంటూ. ఆ రోజు బీడీలు అయిపోయాయి, త్వరగా వచ్చేశాడు. కోటేశ్వరమ్మ అప్పటికీ అతని వైపే చూస్తోంది. కానీ నోరు మూసి ఉంది. వచ్చాడులే అని ఊపిరి వదిలిన ముఖం. నుదుటి మీద చెమట, చెవి పక్కన మట్టి మరక, ఒక కనుబొమ్మ కొంచెం పైకి. వేళ్ళతో పెద్దది చేశాడు. పెద్దది చేసినా ఆమే.

"ఇది," అన్నాడు.

దీపిక ఆ ఫొటో అతని ఫోన్‌కి పంపింది. "బాబాయ్, మరి ఆ తేదీ..." అంది. అప్పటికే అతను గట్టెక్కి నడుస్తున్నాడు.

మర్నాడు అమ్జద్ ఆ ఫొటోను తెర మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. పక్కనున్న సీతారావమ్మ మోచేతిని తుడిచేశాడు. వెనకనున్న వాళ్ళను ఒక్కొక్కరినీ తీసేశాడు.

"తల కొంచెం ఇటు తిప్పుదునా బాబాయ్? ఇప్పుడు అన్నీ వస్తన్నాయి."

"తిప్పబాక."

"అది గాదు, ఫ్రేంలో ఎవరినో చూస్తన్నట్టు ఉంటది."

"చూడనీ."

"ఎనకాల మట్టి తీసేసి నీలం రంగు వేస్తా. రెండు పక్కలా పూలు పెడతా."

"మట్టి ఉండనీ."

అమ్జద్ చెవి పక్కనున్న మరక దగ్గర బాణం గుర్తు పెట్టి అతని వైపు చూశాడు. పుల్లారావు తల అడ్డంగా ఊపాడు. మరక కూడా ఉండిపోయింది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే భార్య ముఖం వస్తుందో రాదో చూడాలనుకుని, రాకపోతే ఏం చెయ్యాలో తెలియక కళ్ళు తెరిచే కూర్చున్నాడు.

"కింద తేదీ ఏం వెయ్యమంటావ్?" అన్నాడు అమ్జద్. "జననం, మరణం."

"పుట్టిన తేదీ ఎవరికీ తెలవదు. రెండోది రేపు చెప్తా."

"అదేంది బాబాయ్, పోయిన తేదీ కూడా తెలవదా?"

"తెలుసు. రేపు చెప్తా."

బుధవారం పొద్దున ఊరి సచివాలయానికి వెళ్ళాడు. లహరి గురువారం కర్మ కాగానే అత్తారింటికి పోవాలి, ఈలోపే కాగితాల పని అవగొట్టమని పోరింది. సాక్షి కావాలంటే సీతారావమ్మ ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని వెంట వచ్చింది. దారంతా ఆమె మాట్లాడలేదు, అది ఆమెకి అలవాటు లేని పని. దీపిక సంగతి ఆమెకి తెలుసు. ఆ మంగళవారం పెట్టెయ్యవే అన్నవాళ్ళలో ఆమె ఒకతె.

లోపల ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. కంప్యూటర్ ముందు ఇంద్రజ అనే అమ్మాయి కూర్చుంది. మాచర్ల నుంచి వచ్చి ఏడాదైంది, ఊళ్ళో అందరినీ వరసలు పెట్టి పిలుస్తుంది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు చూపించింది. పేరు, తండ్రి పేరు, భర్త పేరు, వయసు అడిగి టైపు చేసుకుంది.

"చనిపోయిన తేదీ, బాబాయ్ గారూ?"

ఆమె తల వెనక గోడకి క్యాలెండరు ఉంది. పన్నెండు సోమవారం. దాని పక్క గడిలో అంకె తప్ప ఏమీ లేదు. పుల్లారావు దానివైపే చూస్తున్నాడు.

"పదమూడు. మంగళవారం."

సీతారావమ్మ తల ఎత్తింది.

"మంగళవారమా?" ఇంద్రజ వేళ్ళు ఆగాయి. "నేను సోమవారం అని విన్నానే."

ఫ్యాను కిర్రుమంటోంది. పుల్లారావుకి చెమట పోసింది. అబద్ధం చెప్పడం అతనికి కొత్త కాదు, పురుగుమందుల షాపులో వారానికొకటి చెబుతాడు. ఇది నోట్లోంచి వచ్చాక మాత్రం ఒళ్ళంతా బరువెక్కింది.

"మంగళవారమే అమ్మా," అంది సీతారావమ్మ. "ఆ పొద్దున నాతోటే పనికొచ్చింది గదా. కావాలంటే మస్టరు చూసుకో."

"అయ్యో, చూడక్కర్లేదు పెద్దమ్మా." ఇంద్రజ తేదీ కొట్టింది. "అంటే పొద్దున బాగానే ఉన్నారన్నమాట. పాపం."

"బాగానే ఉంది," అన్నాడు పుల్లారావు. అక్కడితో ఆపొచ్చు. ఆ అమ్మాయి ఇంకేమీ అడగలేదు. కానీ నోరు ఆగలేదు. తొమ్మిది రోజులుగా నాలుగు మాటలకి మించి పలకని నోరు. "నాలుగున్నరకే లేచింది. బర్రె పాలు పిండింది. చద్దన్నంలో మజ్జిగ పోసి గిన్నె కట్టింది. గోంగూర పచ్చడి ఏసింది. నాకంటే ముందే బయల్దేరింది, ఎప్పుడూ అంతే."

"నాకూ పెట్టింది ఒక ముద్ద," అంది సీతారావమ్మ. ఆమె క్యాలెండరు వైపు చూడటం లేదు, ఇంద్రజ వైపూ చూడటం లేదు. "ఉప్పెక్కువైంది కోటమ్మా అంటే, తిని చెప్పక్కా, తినకముందే వంకలు పెట్టబాక అంది."

"మట్టి రాయైపోయింది ఆ రోజు. పార దిగలా. పైనుంచి రెండు బిందెలు నీళ్ళు తెచ్చి గుంటలో పోసింది. కాసేపు నాననీ, తొందరేముంది అంది."

"కాళ్ళ పట్టీ ఊడిపోయిందని గట్టు మీద కూర్చుని సరిచేసుకుంది. నేను నవ్వా. ఈ వయసులో పట్టీలేందే అని."

"ఫొటోకి నేను ముందే వచ్చి నిలబడ్డా," అన్నాడు పుల్లారావు. "పిలిచే పని లేకుండా. ఆమె పక్కనే నిలబడ్డా."

సీతారావమ్మ అతని వైపు తిరిగి చూసి, నెమ్మదిగా తల ఊపింది. "అవును," అంది. "నిలబడ్డావు."

ఇంద్రజ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. వెనక కుర్చీలో పింఛను కోసం కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా వింటున్నారు. ఇందులో ఏ ఒక్కటీ మంగళవారం జరగలేదు. ఆ ఫొటో మాట తప్ప ఏదీ అబద్ధం కూడా కాదు, మిగతావన్నీ ఏదో ఒక రోజు జరిగినవే. ఏ రోజో మాత్రం ఇద్దరికీ గుర్తు లేదు, గుర్తు పెట్టుకునేంత విశేషం వాటిలో ఏమీ లేదు గనక.

"మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకుంది. లేచి వాకిలి ఊడ్చింది. సాయంత్రం చల్లబడ్డాక వాకిట్లో పీట ఏసుకుని కూర్చుంది." పుల్లారావు కుర్చీలో ముందుకి జరిగాడు. "నేను పశువుల కొట్టం కాడ స్ప్రేయరు నాజిలు బాగుచేస్తన్నా. ఏమయ్యో, ఒకసారి ఇటు రా, అని పిలిచింది."

సోమవారం అలాగే పిలిచింది. ఉండవే, వస్తన్నా, అన్నాడు. నాజిలు సన్న బెజ్జంలో చెత్త పట్టింది. సూదితో పొడిచి, ఊది, ఎత్తి వెలుగులో చూసి, మళ్ళీ పొడిచి, అది శుభ్రమయ్యాకే లేచాడు. ఎంతసేపు పట్టిందో అతనికి తెలియదు. ఆమె రెండోసారి పిలవలేదు. ఈ సంగతి లహరికి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.

"పిలవగానే లేచి వెళ్ళా," అన్నాడు. "నాజిలు ఆడనే పడేసి వెళ్ళా. పక్కన కూర్చున్నా."

"ఏమన్నారు?" అంది ఇంద్రజ మెల్లిగా. "ఎందుకు పిలిచారు?"

పుల్లారావు చెప్పబోయాడు. గోంగూర దొరికింది, నీళ్ళ బిందెలు దొరికాయి, రోజంతా మాట వెనక మాట దొరికింది. ఇక్కడ ఏమీ దొరకలేదు. మంచినీళ్ళు అడగడానికి పిలిచిందో, గుండెలో నొప్పిగా ఉందని చెప్పడానికి పిలిచిందో, ఊరికే కూర్చోమనడానికే పిలిచిందో. ముప్ఫై ఏళ్ళ మాటల్లోంచి ఏది తెచ్చి పెడదామన్నా అది ఆ మాట కాదని తెలిసిపోతోంది. సీతారావమ్మ వైపు చూశాడు, ఆమెకేమన్నా తెలుసేమోనని. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తెలవదమ్మా," అన్నాడు. "ఏమందో నాకు తెలవదు."

అని, ఆ ప్లాస్టిక్ కుర్చీలో, అంతమంది ముందు, పుల్లారావు ఏడ్చాడు.